మన రాత మన చేతిలో ఉందా?
'ఆర్గ్ మోడ్' అనే చిన్న సాధనం చెబుతున్న పెద్ద పాఠం

వెనకటి తరం వారికి 'బయాజ్' అనే మంచి అలవాటు ఉండేది. బయాజ్ అంటే సొంత రాతపుస్తకం. యునానీ హకీములు తాము వాడి చూసిన మందుల వివరాలను, కవితాభిమానులు తమకు నచ్చిన షేర్లను, గృహస్థులు ఇంటి లెక్కలను, పిల్లల పుట్టిన తేదీలను అందులో రాసుకునేవారు. తండ్రి బయాజ్ కొడుకు చేతికి వచ్చేది. కాగితం పసుపుపచ్చబడినా, సిరా వెలిసినా, చదువు వచ్చినవారు ఎవరైనా దాన్ని తెరిచి చదవగలిగేవారు. అందుకోసం ఎవరి అనుమతీ అడగవలసిన పని ఉండేది కాదు.

నేడు ఆ బయాజ్ స్థానాన్ని సెల్‌ఫోన్ ఆక్రమించింది. విద్యార్థి తరగతిలో విన్న పాఠం, దుకాణదారుడి బాకీల పట్టిక, ఇల్లాలు రాసుకున్న సరుకుల జాబితా, ఉపాధ్యాయుడు తయారు చేసుకున్న ప్రశ్నలు... అన్నీ ఫోన్‌లోని ఏదో ఒక 'నోట్స్' యాప్‌లోకి చేరుతున్నాయి. ఇందులో సౌకర్యం ఉంది, కాదనలేము. కాగితం తడుస్తుంది, చిరుగుతుంది, పోతుంది. ఫోన్‌లో రాసుకున్నది వెతికితే క్షణంలో దొరుకుతుంది.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఆ యాప్‌ను నడిపే కంపెనీ రేపు దాన్ని మూసివేస్తే మన రాత ఏమవుతుంది? కంపెనీ చేతులు మారితే, ధర పెరిగితే, మనం వేరే ఫోన్ కొంటే ఏమవుతుంది? పదేళ్ల తరవాత మన పిల్లలు దాన్ని తెరిచి చదవగలరా? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికేవారికి ఒక ఖగోళ శాస్త్రవేత్త తన అవసరం కోసం రాసుకున్న చిన్న సాధనం చరిత్ర ఎంతో ఉపయోగపడుతుంది. దాని పేరు 'ఆర్గ్ మోడ్'. 2003లో పుట్టింది. రెండు దశాబ్దాలు దాటినా నేటికీ సజీవంగా ఉంది. ఎందరో పరిశోధకులు, ప్రోగ్రామర్లు, రచయితలు దాన్ని వాడుతున్నారు. అది ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఎందుకు నిలిచింది అన్నది ఈ వారం పరిశీలిద్దాం.

ప్లగిన్ అంటే ఏమిటి?

సైకిల్‌కు బిగించే డైనమో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డైనమో తనంతట తాను ఎక్కడికీ పోలేదు. సైకిల్ చక్రం తిరిగితేనే అది తిరుగుతుంది. కానీ దాన్ని బిగించిన తరవాత సైకిల్‌కు లేని ఒక గుణం, అంటే వెలుగు, వచ్చి చేరుతుంది. కంప్యూటర్ లోకంలో 'ప్లగిన్' కూడా అటువంటిదే. ఒక పెద్ద ప్రోగ్రామ్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్ అది. పెద్దది లేకుండా చిన్నది పని చేయదు. చిన్నది చేరాక పెద్దదానికి కొత్త శక్తి వస్తుంది.

ఆర్గ్ మోడ్ కూడా ఈ కోవకు చెందినదే. అది తగులుకుని నడిచే పెద్ద ప్రోగ్రామ్ పేరు 'ఈమ్యాక్స్'. రాసుకోవడానికి, రాసినదాన్ని దిద్దుకోవడానికి ఉపయోగపడే ప్రోగ్రామ్ ఇది. దీని తొలి రూపం 1976లో అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థ ప్రయోగశాలలో తయారైంది. ఆ తరవాత 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ దీన్ని 'గ్నూ ఈమ్యాక్స్' పేరుతో కొత్తగా రాసి అందరికీ అందుబాటులోకి తెచ్చారు. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పని చేస్తుందో చదివి చూడవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇతరులకు పంచవచ్చు. ఈ నాలుగు స్వేచ్ఛలు ఉన్న ప్రోగ్రామ్‌లనే 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్' అంటున్నాం.

ఈమ్యాక్స్‌కు మరొక విశేషం ఉంది. ఏ మీట నొక్కితే ఏం జరగాలన్నది వాడేవారే నిర్ణయించుకోవచ్చు. ప్రోగ్రామ్ నడుస్తుండగానే దాని నడవడిని మార్చవచ్చు. అందువల్ల ఎవరికి అవసరమైన అనుబంధాన్ని వారు రాసుకుని తగిలించుకునే సంప్రదాయం ఆ లోకంలో మొదటి నుంచీ ఉంది.

పదకొండు ఆజ్ఞలతో మొదలైన విసుగు

కార్‌స్టెన్ డొమినిక్ నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఖగోళ శాస్త్రవేత్త. కొత్తగా పుట్టిన నక్షత్రాల చుట్టూ తిరిగే ధూళి రేణువులు ఒకదానికొకటి ఎలా అంటుకుంటాయి, చివరకు గ్రహాలుగా ఎలా రూపొందుతాయి అన్నది ఆయన పరిశోధించే విషయాలలో ముఖ్యమైనది. ప్రోగ్రామ్‌లు రాయడం ఆయన వృత్తి కాదు. అయినా పరిశోధన వ్యాసాలు రాసుకునేటప్పుడు ఎదురైన ఇబ్బందులను తీర్చుకోవడానికి ఈమ్యాక్స్‌కు 'రెఫ్‌టెక్' అనే ఒక అనుబంధాన్ని అంతకుముందే రాసి ఉన్నారు.

2003లో ఆయన తన నోట్సును, చేయవలసిన పనులను ఒక పద్ధతిలో పెట్టుకోవాలనుకున్నారు. ఈమ్యాక్స్‌లో అప్పటికే 'ఔట్‌లైన్ మోడ్' అనే సదుపాయం ఉంది. అందులో నక్షత్రం గుర్తుతో మొదలయ్యే వరుస శీర్షిక అవుతుంది. ఒక నక్షత్రం ఉంటే పెద్ద శీర్షిక, రెండు ఉంటే దాని కింద ఉపశీర్షిక. ఈ శీర్షికలను మూసిపెట్టవచ్చు, అవసరమైనప్పుడు తెరవవచ్చు. ఆలోచన బాగానే ఉంది. కానీ మూయడానికి, తెరవడానికి పదకొండు వేర్వేరు ఆజ్ఞలు గుర్తుపెట్టుకోవాలి. ఒక్కొక్క ఆజ్ఞకు రెండు మూడు మీటలు నొక్కాలి. పైగా ఒక అంశాన్ని ఒక శీర్షిక కింద నుంచి మరొక శీర్షిక కిందికి మార్చుకోవడం సులువుగా ఉండేది కాదు.

రాసుకునే మనిషి మనసు రాత మీద ఉండాలి గాని మీటల మీద ఉండకూడదు కదా! డొమినిక్ చేసిన మొదటి పని ఇదే. పదకొండు ఆజ్ఞల బదులు ఒకే ఒక 'ట్యాబ్' మీట పెట్టారు. శీర్షిక మీద నిలబడి ఒకసారి నొక్కితే దాని కింది ఉపశీర్షికలు కనిపిస్తాయి. ఇంకొకసారి నొక్కితే లోపలి విషయమంతా తెరుచుకుంటుంది. మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. అలాగే ఒక అంశాన్ని దాని కింద ఉన్న వివరాలతో సహా పైకీ కిందికీ జరపడం రెండు మీటల పనిగా మారింది. మొదట దీన్ని 'ఔట్‌లైన్ మ్యాజిక్' అనే చిన్న అనుబంధంగా రాశారు. త్వరలోనే అది 'ఆర్గ్' అనే విస్తృతమైన రూపంలోకి మారింది.

ఆ తరవాత ఒక అవసరం మరొక అవసరాన్ని పిలిచింది. నోట్సులోనే చేయవలసిన పనులు ఉంటాయి కనుక 'చేయాలి', 'అయింది' అనే గుర్తులు వచ్చాయి. పనికి గడువు ఉంటుంది కనుక తేదీలు వచ్చాయి. లెక్కలు ఉంటాయి కనుక గళ్ల పట్టికలు వచ్చాయి.

ఒక ఉదాహరణ

మాటలతో చెప్పడం కన్నా చూపిస్తే సులువుగా బోధపడుతుంది. ఒక ఉపాధ్యాయుడు ఆర్గ్ మోడ్‌లో ఇలా రాసుకోవచ్చు:

* పదో తరగతి
** చేయాలి అర్ధ సంవత్సర పరీక్ష ప్రశ్నపత్రం
** అయింది హాజరు పట్టీ సరిచూడడం
* ఇంటి పనులు
** చేయాలి కరెంటు బిల్లు కట్టడం

అంతే. ఇందులో రహస్య సంకేతాలు లేవు. 'చేయాలి', 'అయింది' అనే మాటలు కూడా మనం మన భాషలో నిర్ణయించుకున్నవే. ఫైలు మొదట్లో ఒక వరుస రాసి ఏ మాటలు వాడదలచామో చెబితే ఆర్గ్ మోడ్ వాటిని గుర్తిస్తుంది. తెలుగులో చెప్పవచ్చు, ఉర్దూలోనూ చెప్పవచ్చు. ప్రశ్నపత్రం పని పక్కన గడువు తేదీ వేస్తే, వేర్వేరు ఫైళ్లలో చెదిరి ఉన్న పనులన్నిటినీ ఏరి, ఈ వారంలో ఏ రోజు ఏ పని ఉందో ఒకే పట్టికగా చూపిస్తుంది. దాన్ని 'అజెండా' అంటారు. పాత రోజుల్లో పెద్ద కొట్లలో ముంషీ చేసే పని అది.

ఇక్కడ గమనించవలసిన అసలు విషయం మరొకటి ఉంది. పైన చూపిన రాతను ఆర్గ్ మోడ్ లేకుండా చదివినా అర్థమవుతుంది. మేము దీన్ని ఈ పత్రిక కాగితం మీద అచ్చు వేయిస్తున్నాము, మీరు చదువుతున్నారు. ఇందుకు ఈమ్యాక్స్ అవసరం రాలేదు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోన్‌లోనైనా సాదా అక్షరాలను చూపే ఏ ప్రోగ్రామ్‌లోనైనా ఇది ఇలాగే కనిపిస్తుంది. సాధనం సేవ చేస్తుంది తప్ప రాతను తనలో బంధించి ఉంచదు. ఆర్గ్ మోడ్ ఇన్నాళ్లు నిలవడానికి ఇదే మొదటి కారణమని మా అభిప్రాయం.

ధూళి రేణువుల నుంచి గ్రహం దాకా

డొమినిక్ తన సాధనాన్ని దాచుకోలేదు. ఇతరులకు ఇచ్చారు. వాడినవారు లోపాలు తెలిపారు, కొత్త కోరికలు కోరారు, కొందరు తామే కొంత భాగం రాసి పంపారు. ఆయన పరిశోధించే ధూళి రేణువుల లాగానే ఒక్కొక్కటీ వచ్చి అంటుకుని సాధనం పెద్దదైంది.

2007 జూన్‌లో విడుదలైన ఈమ్యాక్స్ 22వ కూర్పులో ఆర్గ్ మోడ్‌ను చేర్చారు. అంటే అప్పటి నుంచి దాన్ని విడిగా తెచ్చి తగిలించుకునే పని లేకుండా పోయింది. డైనమోను సైకిల్ కార్ఖానాలోనే బిగించి ఇచ్చినట్లయింది. 2008లో డొమినిక్ గూగుల్ సంస్థకు వెళ్లి అక్కడి ఇంజనీర్ల ముందు తన సాధనాన్ని వివరించారు. 2010లో వచ్చిన ఏడవ కూర్పులో 'బేబెల్' అనే భాగం చేరింది. దీన్ని ఎరిక్ షుల్టే, డాన్ డేవిసన్ రాశారు. శాస్త్రవేత్త తన నోట్సులోనే లెక్క రాసి, అక్కడే దాన్ని నడిపించి, వచ్చిన ఫలితాన్ని అక్కడే చూసుకునే వీలు ఇది కల్పించింది. ఒక పరిశోధన ఫలితం ఎలా వచ్చిందో ఇంకొకరు అదే ఫైలు తెరిచి సరిచూసుకోవచ్చు. దీనిపై వారు డొమినిక్‌తో, మరొక సహరచయితతో కలిసి రాసిన వ్యాసం 2012లో గణాంక శాస్త్ర సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన ప్రసిద్ధ పరిశోధన పత్రికలో అచ్చయింది.

2013లో ఎనిమిదవ కూర్పు వచ్చింది. నోట్సును పుస్తకంగా, వెబ్ పేజీగా మార్చి ఇచ్చే భాగాన్ని నికొలా గోజియూ మొత్తంగా తిరగరాశారు. ఫలితంగా ఆ భాగానికి పాత పద్ధతిలో సొంత అమరికలు చేసుకున్నవారు వాటిని మార్చుకోవలసి వచ్చింది. కొందరికి శ్రమ తప్పలేదు. కానీ నక్షత్రాలు, శీర్షికలు, అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. యంత్రం మారింది గాని రాత చెక్కుచెదరలేదు. ఈ తేడా చాలా ముఖ్యమైనది.

బాధ్యత చేతులు మారిన తీరు

ఏ సంస్థకైనా అసలు పరీక్ష స్థాపకుడు పక్కకు తప్పుకున్నప్పుడు వస్తుంది. దుకాణాలు, పాఠశాలలు, సంఘాలు ఎన్నో మొదటి మనిషితోనే ముగిసిపోవడం మనకు తెలుసు. ఆర్గ్ మోడ్‌కు కూడా ఆ ఘడియ వచ్చింది. వేల సంఖ్యలో ఉత్తరాలు వస్తుంటే, మరోవైపు బోధన, పరిశోధన ఉన్న ఒక ప్రొఫెసర్ ఎన్నాళ్లు మోయగలరు?

2010 డిసెంబర్‌లో డొమినిక్ నిర్వహణ బాధ్యతను బాస్తియన్ గెరీకి అప్పగించారు. గెరీ అప్పటికే ఏళ్ల తరబడి ఈ పనిలో పాలుపంచుకుంటున్న వ్యక్తి. ఏడాది పాటు ఆయన నడిపారు. 2012లో ఆయనకు విరామం అవసరమైనప్పుడు డొమినిక్ మళ్లీ వచ్చి భారం పట్టుకున్నారు. 2013 జనవరి నుంచి తిరిగి గెరీ చాలాకాలం నడిపించారు. ఇటీవలి సంవత్సరాలలో ఇహోర్ రాద్చెంకో ప్రధాన నిర్వాహకుడుగా ముందుకు వచ్చారు. ఎక్కడా కోర్టు తగాదా లేదు, ఆస్తి పంపకం లేదు. అప్పగించినవారు అమానత్‌గా అప్పగించారు, అందుకున్నవారు అమానత్‌గా అందుకున్నారు.

దీని వెనుక ఒక కట్టుదిట్టమైన ఏర్పాటు ఉంది. ఈమ్యాక్స్‌లో చేరే భాగం కనుక, సుమారు 15 వరుసలకు మించి రాసి ఇచ్చేవారు హక్కుల పత్రంపై సంతకం చేసి తమ రాతను 'ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్'కు బదలాయించాలి. నియమం కొందరికి కఠినంగా తోస్తుంది. కానీ రేపు ఎవరో ఒకరు వచ్చి 'ఇందులో ఈ భాగం నాది, తీసేయండి' అని అడ్డుపడకుండా ఉండాలంటే లెక్కలు మొదటే స్పష్టంగా ఉండాలి. ఉమ్మడి ఆస్తి నడిపిన అనుభవం ఉన్న ప్రతి ఒక్కరికీ దీని విలువ తెలుస్తుంది.

నిర్వహణ అంటే ఉత్సవం కాదు, నిత్య కాపలా. 2024 జూన్‌లో ఒక ప్రమాదకరమైన లోపం బయటపడింది. ఆర్గ్ ఫైలులో ఒక రకమైన లంకెను దురుద్దేశంతో రాస్తే, దాన్ని తెరిచిన వ్యక్తి కంప్యూటర్‌లో ఆయనకు తెలియకుండానే ఆజ్ఞలు నడిచే అవకాశం ఉందని తేలింది. వెంటనే ఆర్గ్ 9.7.5 కూర్పును, అత్యవసరంగా ఈమ్యాక్స్ 29.4 కూర్పును విడుదల చేసి లోపాన్ని సరిచేశారు. లోపమే లేని సాధనం ఉండదు. లోపం బయటపడినప్పుడు దాచకుండా చెప్పి, సరిచేసేవారు ఉన్నారా లేదా అన్నదే చూడాలి.

మరోవైపు ఏం జరిగింది?

ఇదే కాలంలో పెద్ద పెద్ద కంపెనీల నోట్స్ సాధనాలకు ఏమైందో కూడా చూద్దాం. గూగుల్ సంస్థ 2006లో 'గూగుల్ నోట్‌బుక్' ప్రారంభించింది. 2009లో దాని అభివృద్ధిని ఆపివేసింది. 2012లో మూసివేసింది. పనుల జాబితాలు రాసుకునే 'వండర్‌లిస్ట్' అనే యాప్ ఎంతో ప్రజాదరణ పొందింది. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్నది. 2020 మే నెలలో అది మూతపడింది. 2008లో అందరికీ అందుబాటులోకి వచ్చిన 'ఎవర్‌నోట్' ఒక తరానికి జ్ఞాపకశక్తిగా పని చేసింది. 2022 చివర్లో దాన్ని ఇటలీకి చెందిన ఒక కంపెనీ కొంటున్నట్లు ప్రకటన వెలువడింది. 2023 చివర్లో ఉచితంగా వాడుకునేవారికి 50 నోట్ల పరిమితి విధించారు.

ఈ కంపెనీలు నేరం చేశాయని మేము అనడం లేదు. వ్యాపారం అన్నాక లాభనష్టాలు ఉంటాయి. మూసివేసే ముందు రాతలను వేరే చోటికి తరలించుకునే వీలు కూడా కల్పించాయి. కానీ గడువు లోపల తరలించుకోని వారి సంగతేమిటి? ఆసుపత్రిలో ఉన్నవారు, ఆ ప్రకటన చదవనివారు, అసలు లోకంలోనే లేనివారు... వారి రాతల సంగతేమిటి? అద్దె ఇంట్లో దాచిన సామాను యజమాని చెప్పినప్పుడు ఖాళీ చేయక తప్పదు. సాదా అక్షరాలలో మన దగ్గరే ఉన్న ఫైలు సొంత ఇంటి లాంటిది.

ప్లగిన్‌కు ప్లగిన్

ఆర్గ్ మోడ్ కథలో 2020 మరొక మలుపు. జర్మనీలోని బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో నిక్లాస్ లూమన్ అనే సమాజ శాస్త్రవేత్త ఉండేవారు. 1998లో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో దాదాపు 90 వేల చిన్న కాగితపు చీటీలు రాసి పెట్టెలలో అమర్చుకున్నారు. ప్రతి చీటీకీ ఒక సంఖ్య. ఒక చీటీలోని ఆలోచన మరొక చీటీకి సంబంధించినదైతే ఆ సంఖ్యను ఇక్కడ వేసేవారు. అలా చీటీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. పదుల కొద్దీ గ్రంథాలు ఆ పెట్టెల నుంచే పుట్టాయి.

ఈ ఆలోచననే కంప్యూటర్‌లోకి తెచ్చి 'రోమ్ రీసెర్చ్' అనే కంపెనీ 2020 ప్రాంతంలో సంచలనం సృష్టించింది. ఒక నోటులో ఇంకొక నోటు పేరు ప్రస్తావిస్తే, ఆ రెండో నోటు తెరిచినప్పుడు 'నన్ను ఫలానా చోట తలచుకున్నారు' అని అది చెబుతుంది. అయితే దాని వెల నెలకు 15 డాలర్లు. రాతలు ఉండేది కంపెనీ కంప్యూటర్లలో. అదే సంవత్సరం జెత్రో క్వాన్ అనే యువ ప్రోగ్రామర్ ఈ గుణాన్ని ఆర్గ్ మోడ్‌కు తగిలిస్తూ 'ఆర్గ్ రోమ్' రాశారు. అంటే ప్లగిన్‌కు ప్లగిన్. దీనికి వెల లేదు. రాతలు మన యంత్రంలోనే సాదా ఫైళ్లుగా ఉంటాయి. లంకెలను త్వరగా వెతకడానికి పక్కన ఒక సూచిక తయారు చేసుకుంటుంది. ఆ సూచిక పాడైతే చెరిపివేసి మళ్లీ కట్టుకోవచ్చు, ఎందుకంటే మూలం ఫైళ్లలోనే భద్రంగా ఉంది. 2021లో దాన్ని లోపల నుంచి తిరగరాసి రెండవ కూర్పు విడుదల చేశారు.

పదిహేడేళ్ల క్రితం మరొకరు వేసిన పునాది మీద ఒక యువకుడు కొత్త అంతస్తు కట్టగలిగాడంటే కారణం ఏమిటి? ఆ పునాది నక్షా బహిరంగంగా ఉండడమే. తాళం వేసిన ఇంటి మీద ఇంకొకరు అంతస్తు కట్టలేరు.

తెలుగుకు, ఉర్దూకు దీనితో సంబంధం ఉందా?

ఉంది, చాలా ఉంది. 1990 దశకంలో తెలుగు డీటీపీ కేంద్రాలలో అక్షరాలు కూర్చిన రోజులు గుర్తు చేసుకోండి. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేత పద్ధతి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించేవి. ఉర్దూ సంగతీ అంతే. 1994లో 'ఇన్‌పేజ్' రావడంతో కాతిబ్‌ల చేతిరాత నుంచి ఉర్దూ అచ్చు కంప్యూటర్‌కు మారింది. అది గొప్ప సేవే. కానీ ఆనాటి ఇన్‌పేజ్ ఫైలు తెరవాలంటే ఇన్‌పేజ్ కావాలి. రాత మనది, తాళం వేరొకరిది.

ఈ చిక్కును విప్పినది యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు లిపికి, అరబీ లిపికి చోటు దక్కింది. ప్రతి అక్షరానికీ లోకమంతా ఒప్పుకున్న ఒకే సంఖ్య. దాని వాడకం మన దగ్గర విస్తరించడానికి చాలా ఏళ్లు పట్టింది. యూనికోడ్‌లో రాసిన తెలుగు సాదా అక్షరాల ఫైలు ఏ దేశంలో తెరిచినా తెలుగే.

ఈమ్యాక్స్‌లో తెలుగు టైపు చేయడానికి ఏర్పాట్లు ఉన్నాయి. ఉర్దూ వంటి కుడి నుంచి ఎడమకు రాసే భాషలను సరిగా చూపే సామర్థ్యం మాత్రం 2012లో వచ్చిన 24వ కూర్పుతోనే సమకూరింది. ఎలి జారెట్‌స్కీ దీని కోసం ప్రధానంగా శ్రమించారు. దానివల్ల ఒకే ఫైలులో ఒక వరుస తెలుగు, ఒక వరుస ఉర్దూ రాసుకునే వీలు కలిగింది. రెండు భాషల మధ్య బతికే మన వంటివారికి ఇది చిన్న విషయం కాదు. 2020లో వచ్చిన 27వ కూర్పు నుంచి గుణింతాలు, ఒత్తులు పొందికగా కూర్చడానికి ఈమ్యాక్స్ 'హార్ఫ్‌బజ్' అనే సాధనాన్ని వాడుతోంది. ఈ పేరు ఫార్సీ మాట. 'హర్ఫ్' అంటే అక్షరం, 'బాజ్' అంటే తెరిచినది. ఉర్దూ తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఈమ్యాక్స్‌లో నమూనాగా ఉంచిన ఒక చిన్న ఫైలు ఉంది. అందులో అనేక భాషల పలకరింపులు ఉంటాయి. అరబీ వరుసలో అస్సలాము అలైకుమ్, తెలుగు వరుసలో నమస్కారం దర్శనమిస్తాయి.

లోటుపాట్లు

పొగడ్తతో ముగిస్తే పాఠకులకు అన్యాయం చేసినట్లవుతుంది. ఆర్గ్ మోడ్ నేర్చుకోవడం తేలిక కాదు. పదకొండు ఆజ్ఞల విసుగుతో పుట్టిన సాధనంలో నేడు వందలాది ఆజ్ఞలు ఉన్నాయి. మొదటి వారం చాలామంది వెనుదిరుగుతారు. ఈమ్యాక్స్ ప్రధానంగా కంప్యూటర్ కోసం తయారైనది. మన పిల్లలలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోన్ మాత్రమే. ఆర్గ్ ఫైళ్లను చదివే ఫోన్ యాప్‌లు ఉన్నా అవి దాని పనులన్నీ చేయలేవు. రాత ఎక్కడైనా చదవవచ్చు గాని అజెండా, లెక్కల పట్టికలు వంటి పూర్తి సేవలు ఈమ్యాక్స్‌లోనే లభిస్తాయి. అమరికలు మార్చుకుంటూ కూర్చుని అసలు పని మరిచిపోయే ప్రమాదం కూడా ఉంది. కలం చెక్కుతూ కూర్చున్నవాడు ఉత్తరం ఎప్పుడు రాస్తాడు?

కనుక అందరూ నేడే ఆర్గ్ మోడ్ నేర్చుకోవాలని మేము చెప్పడం లేదు. దాని చరిత్ర నుంచి గ్రహించవలసినది గ్రహిస్తే చాలు.

నాలుగు ప్రశ్నలు

మీరు గాని, మీ పిల్లలు గాని ఏ నోట్స్ యాప్ వాడుతున్నా సరే, కింది నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇందులో రాసినదంతా ఒకేసారి బయటికి తీసుకునే మార్గం ఉందా? ఉంటే ఒకసారి తీసి చూడండి. అవసరం పడ్డాక వెతకడం కన్నా ముందే తెలుసుకోవడం మేలు.

2. బయటికి తీసిన ఫైలు ఆ యాప్ లేకుండా చదవగలమా? అక్షరాలు అక్షరాలుగానే కనిపిస్తే భయం లేదు. తెలుగు, ఉర్దూ అక్షరాలు కూడా సరిగా ఉన్నాయో లేదో ప్రత్యేకంగా చూడండి.

3. దీన్ని తయారు చేసినవారు తప్పుకుంటే నడిపేవారు ఉన్నారా? ఒక్క మనిషి మీద, ఒక్క కంపెనీ మీద అంతా ఆధారపడి ఉంటే జాగ్రత్త అవసరం.

4. మన తరవాత ఇంట్లోవారు దీన్ని తెరవగలరా? పాస్‌వర్డ్ మన ఒక్కరికే తెలిసి ఉంటే, అప్పుల వివరాలు, భూమి పత్రాల సంఖ్యలు, ఎవరికి ఏమి ఇవ్వాలన్న లెక్కలు మనతోనే పోతాయి. ఇది కుటుంబానికి మనం పెట్టే కష్టం.

ముఖ్యంగా ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒక విద్యార్థిని రాసుకునే నోట్సు ఆమె ఆరేడేళ్ల కష్టం. ఆమె ఫోన్ పోయినా, యాప్ మూతపడినా ఆ కష్టం పోకూడదు. నెలకు ఒకసారి ఆ రాతను సాదా ఫైళ్లుగా తీసి, పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు, ఇంటి కంప్యూటర్‌లో గాని దగ్గరి బంధువుల దగ్గర గాని మరొక నకలు ఉంచేలా నేర్పండి. ఖర్చు లేని పని. అరగంట చాలు.

ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్త తన సొంత విసుగు తీర్చుకోవడానికి కూర్చున్నారు. రాతను బంధించని సాధనం చేశారు, దాని నక్షా అందరికీ ఇచ్చారు, సమయం వచ్చినప్పుడు బాధ్యతను యోగ్యులకు అప్పగించారు. 2003లో ఆయన రాసుకున్న సాదా అక్షరాల ఫైలు నేడు కూడా తెరుచుకుంటుంది. తాతల బయాజ్‌ను మనం చదవగలిగినట్లే మన రాతను మన మనవలు చదవగలగాలి. అందుకు తగిన జాగ్రత్త ఈ వారమే మొదలుపెడదాం.